పద్దెనిమిదేళ్లు నిండకుండా విదేశీ క్లబ్బుకు పంపవచ్చా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి పదిహేనేళ్లు, ఈ ఏడాదే పదో తరగతి పూర్తి చేశాడు. ఫుట్‌బాల్‌లో జిల్లా జట్టుకు ఎంపికయ్యాడు. స్పెయిన్ అకాడమీలో చేర్పించి అక్కడి క్లబ్బులో ప్రొఫెషనల్ ఆటగాడిని చేస్తామని ఒక ఏజెంటు పన్నెండు లక్షలు అడుగుతున్నాడు. కొంత కొబ్బరితోట అమ్మి పంపమంటారా?
- ఒక తండ్రి

జవాబు: తోట అమ్మవద్దండి. మీ అబ్బాయి ఆట మీద నాకు అనుమానం ఉండి ఈ మాట చెప్పడం లేదు. ఆ ఏజెంటు ఇస్తున్న హామీని నిలబెట్టుకోవడానికి అంతర్జాతీయ నిబంధనలే ఒప్పుకోవు.

పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాడిని ఒక దేశపు క్లబ్బు నుంచి మరో దేశపు క్లబ్బుకు బదిలీ చేయడాన్ని అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా సాధారణంగా అనుమతించదు. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి తరలివెళ్లడం వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. చదువు కోసం వెళ్లిన పిల్లలకు కొంత వెసులుబాటు ఉన్నా, అది జీతం లేకుండా ఆడే ఔత్సాహిక క్లబ్బుల వరకే. మైనర్ల విషయంలో ఈ నిబంధనను ఉల్లంఘించినందుకు 2014లో ఫిఫా స్పెయిన్‌లోని బార్సిలోనా అంతటి క్లబ్బునే కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధించింది. అటువంటప్పుడు డబ్బు కట్టించుకుని నడిపే అకాడమీ మీ అబ్బాయికి ఇవ్వగలిగేది శిక్షణ, వసతి, చదువు మాత్రమే. క్లబ్బు ఒప్పందం కాదు. విజిటింగ్ వీసా మీద గల్ఫ్‌కు వెళ్లి పని దొరకక తిరిగివచ్చినవారు మన కోనసీమలో ఎందరో ఉన్నారు కాబట్టి, ఈ తేడా మీకు విడమరచి చెప్పనవసరం లేదు. ఆటగాడు నిజంగా కావాలనుకున్న క్లబ్బు తానే జీతం ఇస్తుంది, ఆటగాడి తండ్రిని డబ్బు అడగదు. పైగా లైసెన్సు ఉన్న ఏజెంట్ల పేర్లు ఫిఫా వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. ఈయన పేరు అక్కడ ఉందో లేదో చూడండి.

మన దేశం నుంచి బయటకు వెళ్లి ఆడినవారి దారిని గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. 1999లో ఇంగ్లండ్‌లోని బరీ క్లబ్బుకు వెళ్లేనాటికి బైచుంగ్ భూటియా ఇక్కడ పేరు పొందిన ఆటగాడు. గుర్‌ప్రీత్ సింగ్ సంధు ఈస్ట్ బెంగాల్‌కు ఆడిన తరువాతే 2014లో నార్వేలోని స్టాబెక్‌లో చేరాడు. మన తెలుగు అమ్మాయి, నిజామాబాద్ జిల్లాకు చెందిన సౌమ్య గుగులోత్, ఇక్కడి క్లబ్బులకూ జాతీయ జట్టుకూ ఆడి, 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్‌కు వెళ్లింది. అందరూ ముందు ఇక్కడ నిరూపించుకున్నవారే. అయినా అక్కడ నిలదొక్కుకోవడం తేలిక కాదు. సునీల్ ఛెత్రి అంతటివాడికే పోర్చుగల్‌లోని స్పోర్టింగ్ క్లబ్బు రెండో జట్టులో ఆడే అవకాశం చాలా తక్కువగా దక్కింది. సందేశ్ జింగన్ 2021లో క్రొయేషియా వెళ్లి, గాయాల వల్ల ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడకుండా తిరిగివచ్చాడు. ఇంగ్లండ్‌లో అయితే ఆటగాడి వర్క్ పర్మిట్‌కు ఇచ్చే పాయింట్లలో అతని దేశపు ఫిఫా ర్యాంకును కూడా లెక్కలోకి తీసుకుంటారు, నూరు దాటిన మన ర్యాంకు అక్కడ పెద్ద అడ్డంకి.

కాబట్టి రాబోయే మూడేళ్లు ఈ దేశంలోనే, అయితే జిల్లా దాటి గడవాలి. దాళ్వా కోతలయ్యాక చేలల్లో ఆడే ఆటతో కాళ్లకు చురుకు వస్తుంది కానీ, తనకంటే మెరుగైన ప్రత్యర్థులతో వారం వారం ఆడితే తప్ప స్థాయి పెరగదు. అండర్-17 సుబ్రతో కప్‌లో పాఠశాల జట్టుకు ఆడటం, జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీ, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) క్లబ్బుల యువజట్లు జరిపే ఎంపికలకు హాజరుకావడం ముఖ్యం. ఏజెంటుకు ఇవ్వదలచిన సొమ్ములో చిన్న భాగంతోనే ఈ ప్రయాణాలన్నీ జరిగిపోతాయి.

ఇంటర్ మాత్రం మాన్పించవద్దు. ఇది కేవలం జాగ్రత్త కోసం చెప్పే మాట కాదు: అమెరికా విశ్వవిద్యాలయాలు ఫుట్‌బాల్ ఆటగాళ్లకు స్కాలర్‌షిప్ ఇచ్చేటప్పుడు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు వచ్చిన మార్కులను పరిశీలిస్తాయి. అక్కడి కళాశాలలను క్రీడల కోసం డివిజన్లుగా విభజిస్తారు; వాటిలో మూడో డివిజన్ కళాశాలలు ఆట పేరిట స్కాలర్‌షిప్ ఇవ్వవు గనుక, దరఖాస్తు చేసేముందు కళాశాల ఏ డివిజన్‌లో ఉందో చూసుకోవాలి. బయటి దేశంలో ఆడాలన్న అబ్బాయి కోరికకు నాకు కనిపిస్తున్న అత్యంత గౌరవప్రదమైన మార్గం ఇదే. ఇంగ్లీషు మాట్లాడటం ఇప్పటి నుంచే అలవాటు చేయించండి.

ఈ నెలలోనే మీరు చేయవలసిన పని ఒకటుంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కేంద్రీకృత నమోదు వ్యవస్థలో మీ అబ్బాయి పేరు, పుట్టినతేదీ సరిగా ఉన్నాయో లేదో జిల్లా సంఘం ద్వారా తెలుసుకోండి. ఆధార్‌లో, పదో తరగతి ధ్రువపత్రంలో తేదీ వేర్వేరుగా ఉంటే, ఏ ఎంపికకైనా పంపేముందే సరిచేయించండి.