ఒసాకాలో ఆపేసిన జీతానికి గుంటూరులో కేసు వేయవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి జపాన్‌లోని ఒసాకాలో ఇంజనీరింగ్ చదువుతూ, ఖర్చుల కోసం అక్కడి ఒక భారతీయ రెస్టారెంటులో పనిచేశాడు. పరీక్షలు దగ్గరపడ్డాయని మానేస్తే రెండు నెలల జీతం ఆపేశారు. అడిగితే, ‘నువ్వు వారానికి 28 గంటలు దాటి పనిచేశావు, ఫిర్యాదు చేస్తే నీ వీసాయే పోతుంది’ అంటున్నారట. యజమాని మన దేశస్థుడే కనుక ఇక్కడే కేసు వేయవచ్చా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఇక్కడ వేసే కేసు నిలబడదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 20వ సెక్షన్ ప్రకారం ప్రతివాది నివసించే లేదా వ్యాపారం చేసే చోట గాని, వ్యాజ్య కారణం, అంటే దావాకు దారితీసిన వ్యవహారం, కొంతైనా తలెత్తిన చోట గాని దావా వేయాలి. ఒప్పందం, పని, చెల్లింపు అన్నీ ఒసాకాలోనే జరిగినప్పుడు, యజమానికి భారతీయ పాస్‌పోర్టు ఉన్నంత మాత్రాన గుంటూరు కోర్టుకు అధికార పరిధి రాదు.

ఇక అసలు విషయానికి వస్తే, రావలసిన జీతం వేరు, గంటల పరిమితి వేరు. యజమాని కావాలనే ఈ రెంటికీ ముడిపెడుతున్నారు. జపాన్ 1947 నాటి కార్మిక ప్రమాణాల చట్టం జాతీయతను బట్టి జీతంలో వివక్ష చూపరాదని 3వ అధికరణంలోనూ, జీతం పూర్తిగా చెల్లించాలని 24వ అధికరణంలోనూ చెబుతోంది. పని మానేసిన వ్యక్తి అడిగితే 7 రోజుల్లోగా బాకీ తీర్చాలని 23వ అధికరణం నిర్దేశిస్తోంది. పరిమితి దాటి చేసిన గంటలకు కూడా, పని జరిగింది కనుక, జీతం ఇవ్వాల్సిందే. 2020 ఏప్రిల్ నుంచి చెల్లించవలసిన జీతాలను రాబట్టుకోవడానికి కాలపరిమితి మూడేళ్లు కనుక హడావుడి పడనవసరం లేదు, అలాగని నాన్చనూ కూడదు.

అయితే గంటల సంగతిని తేలికగా తీసుకోవద్దు. విద్యార్థి వీసా మీద ఉన్నవారు ఇమ్మిగ్రేషన్ శాఖ అనుమతి విడిగా పొంది, వారానికి 28 గంటల లోపే పనిచేయాలి. వారమంటే సోమవారం నుంచి ఆదివారం దాకా అనుకుని చాలామంది పొరబడతారు గాని, ఏ రోజు నుంచి లెక్కపెట్టినా ఆ ఏడు రోజుల మొత్తం 28 దాటకూడదు. ఉదాహరణకు శుక్ర, శని, ఆదివారాల్లో ఎనిమిదేసి గంటలు, ఆ వెంటనే వచ్చే సోమ, మంగళవారాల్లో మూడేసి గంటలు చేస్తే, శుక్రవారం నుంచి లెక్కకు 30 అవుతుంది. రెండు చోట్ల పనిచేస్తే రెండింటి గంటలూ కలుస్తాయి. విశ్వవిద్యాలయం అధికారికంగా ఇచ్చిన దీర్ఘ సెలవుల్లో మాత్రం రోజుకు 8 గంటల వరకు చేయవచ్చు కనుక, మీవాడు దాటాడంటున్న వారాలు సెలవుల్లో పడ్డాయేమో ముందు చూడండి. నిజంగా దాటి ఉంటే అతని వీసాకు చిక్కు రావచ్చు. కానీ అనుమతికి మించి పని చేయించుకున్న యజమాని కూడా ఇమ్మిగ్రేషన్ చట్టం కింద శిక్షార్హుడే, కాబట్టి ఆ బెదిరింపులో ధైర్యం కన్నా భయమే ఎక్కువ ఉందని నాకనిపిస్తోంది.

షిఫ్టుల పట్టిక, టైమ్ కార్డుల ఫొటోలు, యజమానితో నడిచిన సందేశాలు, జీతం పడిన బ్యాంకు పద్దులు మీ అబ్బాయి ఇప్పుడే భద్రపరచుకోవాలి. లేబర్ స్టాండర్డ్స్ తనిఖీ కార్యాలయంలో ఫిర్యాదుకు ఫీజు లేదు. అయితే గంటలు దాటిన అనుమానం ఉంటే, అక్కడికి వెళ్లే ముందే జపాన్ న్యాయవాదిని కలవడం మంచిది. చట్టబద్ధంగా అక్కడ నివసిస్తున్న తక్కువ ఆదాయం గల విదేశీయులకు ‘హోటెరాసు’ అనే ప్రభుత్వ న్యాయ సహాయ కేంద్రం ఉచిత సలహా ఏర్పాటు చేస్తుంది. ఆ న్యాయవాది సలహాతో, ఉత్తరంలో ఏం రాశారో పోస్టాఫీసే ధ్రువీకరించే పద్ధతిలో నోటీసు పంపాలి. అప్పటికీ ఇవ్వకపోతే, బాకీ 6 లక్షల యెన్లు మించనప్పుడు సమ్మరీ కోర్టులో సాధారణంగా ఒకే విచారణతో తేలే చిన్న దావా వేయవచ్చు.

గంటలు తక్కువ చూపడానికి దొంగ పట్టికలు మాత్రం తయారుచేయనివ్వకండి. వీసా పొడిగింపు సమయంలో మునిసిపాలిటీ ఇచ్చే పన్ను ధ్రువపత్రాన్ని ఇమ్మిగ్రేషన్ అధికారులు అడగవచ్చు, అందులో ఏడాది సంపాదన అంతా కనబడుతుంది.