చిక్కు ప్రశ్నలో చిక్కంతా క్రియ దగ్గరే

సందేహం: పెద్దవాళ్ళ కోసం తెలుగులో కాస్త కఠినమైన బ్రెయిన్ టీజర్లు తయారు చేస్తున్నాను. ‘పొడుపు కథలు’ అని పేరు పెడితే పిల్లల సరదా అనుకుంటున్నారు, ‘ప్రహేళికలు’ అంటే నోరు తిరగడం లేదంటున్నారు. వీటికి సరైన మాట ఏది? ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇంగ్లీషులో పకడ్బందీగా ఉన్న ప్రశ్న తెలుగులోకి తేగానే జవాబు ముందే బయటపడిపోతోంది. ఎందుకిలా?

సమాధానం: ముందు పేరు సంగతి చూద్దాం, అది తేలిక. పొడుపు కథకి వయసుతో పనిలేదు. ‘తెల్లని పొలంలో నల్లని విత్తనాలు, చేత్తో చల్లుతారు, నోటితో ఏరుకుంటారు’ అన్నది (జవాబు: రాసిన అక్షరాలు) మొదటిసారి వింటే పెద్దవాళ్ళూ కాసేపు తల గోక్కుంటారు. అయితే పొడుపు కథలో తాళం పోలికలో ఉంటుంది. వస్తువు పేరు చెప్పకుండా దాని వేషం మార్చి మన ముందు నిలబెడతారు. బ్రెయిన్ టీజర్ తాళం తర్కంలో ఉంటుంది. అందుకే రెండిటికీ ఒకే పేరు సరిపోదు. మీరు చేస్తున్నది రెండోదైతే ‘చిక్కు ప్రశ్న’ అనండి, చాలు. అన్నట్టు, ఈమధ్య టైపింగులో ‘పొదుపు కథలు’ అని చాలాచోట్ల కనిపిస్తోంది, అది బ్యాంకు వాళ్ళు చూసుకోవాల్సిన వ్యవహారం, ఇక్కడ కావలసింది ‘డు’.

‘ప్రహేళిక’ మంచి మాటే, పాతదే, 64 కళల జాబితాలో దానికీ చోటుంది, సంస్కృతంలో కావ్యశాస్త్రం రాసిన దండి అందులో 16 రకాలు చెప్పాడు. సంస్కృతంలో ‘ల’, తెలుగులో ‘ళ’ రాయడం వాడుక, తప్పు కాదు. కానీ నలుగురూ కూర్చుని ఆడుకునేదానికి ఆ పేరు పెడితే పరీక్ష పేపరులా వినిపిస్తుంది. ‘మెదడుకు మేత’ శీర్షికగా బాగుంటుంది, లెక్కపెట్టడానికి పనికిరాదు. ‘నిన్న మూడు మెదడుకు మేతలు చేశాను’ అని ఎవరంటారు? ఇక ‘యక్షప్రశ్న’ జోలికి వెళ్ళకండి. భారతంలో యక్షుడు అడిగిన వాటన్నిటికీ ధర్మరాజు జవాబు చెప్పాడు, మనం మాత్రం జవాబు దొరకని దానికి ఆ పేరు పెట్టుకున్నాం!

క్రియలు కూడా చూసుకోండి. పొడుపు కథ విప్పుతాం, చిక్కు విడదీస్తాం. ‘సమస్య’ అంటే మొదట్లో పద్యంలో పూర్తి చేయమని ఇచ్చిన పాదం, ఇబ్బంది అన్న అర్థం తర్వాత వచ్చి కూర్చుంది, కాబట్టి దాన్ని పూరిస్తాం. ‘ఛేదించడం’ పోలీసులకీ పత్రికలకీ వదిలేయండి. సాల్వ్ చేశాను అన్నా నాకేం అభ్యంతరం లేదు.

అసలు సంగతి మీ రెండో ప్రశ్నలో ఉంది. బాగా తెలిసిన సర్జన్ ప్రశ్న తీసుకుందాం. తండ్రీ కొడుకులు కారులో వెళుతుంటే ప్రమాదం జరిగింది, తండ్రి అక్కడికక్కడే పోయాడు, కొడుకుని ఆపరేషన్ బల్ల మీద పడుకోబెడితే సర్జన్ చూసి ‘నేను చేయలేను, వీడు నా కొడుకు’... ఇక్కడ ఆగిపోతాం. ‘అన్నాడు’ అని రాస్తే అబద్ధం చెప్పినట్టు, ఎందుకంటే ఆ సర్జన్ తల్లి. ‘అన్నది’ అని రాస్తే జవాబు మనమే చేతిలో పెట్టినట్టు. ఇంగ్లీషు క్రియకి ఆడా మగా తేడా లేదు కాబట్టి అక్కడ ఆ ప్రశ్న బతికింది, మన క్రియ చివర్లోనే గుట్టు విప్పేస్తుంది. మందు కూడా మన భాషలోనే ఉంది: ‘సర్జన్ గారు అన్నారు’. గౌరవ బహువచనంలో ఆడామగా తేడా మాయమైపోతుంది, పైగా డాక్టర్ని ‘గారు’ అనడం మనకి అలవాటే కనుక ఎవరికీ అనుమానం రాదు. ఇంతకన్నా అందంగా దాచే పద్ధతి నాకు కనిపించలేదు.

దీనికి తిరకాసు కేసు ఒకటుంది, సంస్కృతంలోది. కస్తూరి దేని నుంచి పుడుతుంది, ఏనుగుల గుంపుని చంపేది ఎవరు, యుద్ధంలో పిరికివాడు ఏం చేస్తాడు అని మూడు ప్రశ్నలు అడిగి, చివరి పాదం ‘మృగాత్ సింహః పలాయతే’ అని ముగిస్తారు. చూడ్డానికి జింకకి భయపడి సింహం పారిపోతోందని అర్థం, విడదీస్తే మూడు జవాబులు: జింక నుంచి, సింహం, పారిపోతాడు. జవాబు పద్యం లోపలే దాగుంది కాబట్టి దీన్ని అంతర్లాపి అంటారు. దీన్ని తెలుగు చేద్దామని కూర్చుంటే ‘జింక నుంచి’ దాకా హాయిగా నడిచింది, రెండు అర్థాలూ నిలిచాయి. చివరికొచ్చేసరికి సింహం ‘పారిపోతుంది’, పిరికివాడు ‘పారిపోతాడు’. సంస్కృత క్రియకి లింగం పట్టదు, మనకి పడుతుంది. ఒక్క అక్షరం దగ్గర మొత్తం కూలిపోయింది. రెండు సాయంత్రాలు పోయాయి, పిరికివాణ్ణి పిరికిదాన్ని చేస్తే తప్ప కుదరలేదు.

ఇంకో గొయ్యి ‘మనం, మేము’. తర్కవేత్త రేమండ్ స్మల్యన్ బాగా ప్రచారంలోకి తెచ్చిన పజిళ్ళలో కొందరు ఎప్పుడూ నిజమే చెబుతారు, మిగతావాళ్ళు ఎప్పుడూ అబద్ధమే. మీకు ఇద్దరు ఎదురై, మొదటివాడు మీతో ‘మేమిద్దరం అబద్ధాలకోరులమే’ అంటాడు. నిజం చెప్పేవాడు తనని తాను అబద్ధాలకోరు అనలేడు, కాబట్టి వాడు అబద్ధాలకోరు, వాడి మాట అబద్ధం కావాలంటే రెండోవాడు నిజం చెప్పేవాడై తీరాలి. లెక్క తేలింది. అదే మాటని తొందరలో ‘మనమిద్దరం’ అని అనువదించారనుకోండి, వాడు మిమ్మల్నే లాగాడు! అప్పుడు తేలేది మీరు నిజాయితీపరులని, పక్కవాడి సంగతి ఎప్పటికీ తేలదు. వాడు ఎవరివైపు తిరిగి మాట్లాడుతున్నాడో ముందే చెప్పకపోతే మాత్రం మీ ప్రశ్నలోనే తప్పు ఉన్నట్టు. ఇంగ్లీషులో ఈ బాధే లేదు, అక్కడ రెండిటికీ ఒకటే మాట.

‘వ్యక్తి’ దగ్గర కూడా జాగ్రత్త. ‘నాకు తోబుట్టువులు లేరు, ఈ ఫోటోలోని వ్యక్తి తండ్రి మా నాన్న కొడుకు’ అంటే జవాబు కొడుకూ కావచ్చు, కూతురూ కావచ్చు. ఒకే జవాబు కావాలంటే ‘అబ్బాయి’ అని రాయాలి.

ఇదంతా చూసి మన వ్యాకరణం పజిళ్ళకి అడ్డం అనుకోకండి. ఏకవచనంలో స్త్రీకీ జంతువుకీ వస్తువుకీ మనది ఒకటే క్రియ, కర్త చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. దాన్ని వాడుకుని నేను అల్లినది ఒకటి: ‘రాత్రి వచ్చింది, తెల్లారేసరికి వెళ్ళిపోయింది. వచ్చిందని పొద్దున తెలిసింది గానీ, వచ్చిన క్షణాన్ని ఇంట్లో ఒక్కరూ చూడలేదు.’ నేను అడిగినవాళ్ళలో సగం మంది అత్తగారి దగ్గరా పిల్లి దగ్గరా ఆగిపోయారు. జవాబు నిద్ర.