ముందు వాళ్లను రానివ్వండి

టాక్టికల్ గేములు (గళ్ల మీద వంతులవారీగా సిపాయిల్ని నడిపి యుద్ధం చేసే వీడియో ఆటలు): మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: ఇన్నాళ్లూ కత్తి పట్టుకుని దూకే యాక్షన్ గేములే ఆడాను. ఫ్రెండ్ పోరు పడలేక నింటెండో స్విచ్ గేమ్ మెషీన్‌లో ‘ట్రయాంగిల్ స్ట్రాటజీ’ డెమో వేసుకున్నాను. కథ బాగానే ఉంది. యుద్ధం మొదలైతే మాత్రం మూడు నాలుగు టర్న్‌లు తిరిగేసరికి నా హీరో సెరెనోవా నేల కరుస్తున్నాడు. పక్కన హీలర్ ఉంది, బాణాలేసే అమ్మాయి ఉంది, అయినా లాభం లేదు. ఈ తరహా ఆట నాకు అబ్బదా? పూర్తి ఆట కొనమంటారా, డెమోతోనే దండం పెట్టమంటారా?

జవాబు: అబ్బకపోవడమేం, నిక్షేపంలా అబ్బుతుంది. తేడా ఎక్కడుందో మీ ఉత్తరంలోనే ఉంది. ‘నా హీరో’ అని రాశారు. సెరెనోవా కథకు హీరో. యుద్ధంలోకి దిగాక అతనూ అందరిలాంటి సిపాయే. యాక్షన్ గేములో అలవాటైన చేత్తో అతన్ని ముందుకు తోస్తున్నారు. ఎదురుగా ఉన్నవాడికి ఒక దెబ్బ తగులుతుంది, మీకు ఉత్సాహం వస్తుంది. ఆ తర్వాత శత్రువుల్లో ముగ్గురు వరసగా వచ్చి అతని మీద పడతారు. హీలర్ జీలా వంతు వచ్చేసరికి వైద్యం చేయడానికి మనిషి మిగలడు.

ఒక్క టర్న్‌ను తీసుకుని నింపాదిగా చూద్దాం. తెర అడుగున చిన్న చిన్న ముఖాలు వరసగా కనిపిస్తాయి. ఎవరి తర్వాత ఎవరి వంతో అక్కడ ఉంటుంది. ఈ ఆటలో మీ జట్టంతా ఒకసారి, అవతలి జట్టంతా ఒకసారి ఆడే పద్ధతి లేదు. ఎవరి వేగాన్ని బట్టి వాళ్ల వంతు వస్తుంది. కాబట్టి సెరెనోవాను కదిపే ముందు ఆ వరస చదవండి: ఇప్పటికీ, మళ్లీ అతని వంతుకూ మధ్య శత్రువులు ఎంతమంది ఉన్నారు? వాళ్లలో ఎవరెవరు అతన్ని అందుకోగలరు? కర్సర్‌ను శత్రువు మీద పెట్టి నొక్కితే వాడు ఎంతదూరం నడవగలడో, ఎక్కడిదాకా కొట్టగలడో గళ్లలో రంగు పడుతుంది. మొదట్లో ప్రతి శత్రువుకూ ఈ పని చేయండి. విసుగ్గానే ఉంటుంది. కొన్ని యుద్ధాలు గడిచాక మ్యాప్ చూడగానే ఆ గీత మీ కంటికి దానంతటదే కనిపిస్తుంది.

ఇప్పుడు ఎరాడోర్‌ను ముందుకు తీసుకురండి. డాలు పట్టుకున్న భారీ మనిషి, దెబ్బలు తినడానికే పుట్టాడు. శత్రువుల్లో ఒక్కడికి మాత్రమే అందే గడిలో అతన్ని నిలబెట్టండి. అలాంటి గడి దొరకకపోతే ఎవరికీ అందకుండా ఒక గడి వెనకే ఆగిపోండి. ఎవర్నీ కొట్టకుండా టర్న్ ముగించడానికి కొత్తవాళ్లకు చెయ్యి రాదు, ఏదో నష్టపోతున్నట్టు ఉంటుంది. ముగించండి. వాళ్లు ఎలాగూ వస్తారు. వచ్చినవాడు నడకంతా ఖర్చుపెట్టి మీ గుంపు మధ్యకు వచ్చి నిలబడతాడు, వాడి వీపు మీ వాళ్లలో ఎవరో ఒకరికి దొరుకుతుంది.

ఆ వీపే ఈ ఆటలో బంగారం. వెనక నుంచి కొట్టిన దెబ్బ తప్పకుండా క్రిటికల్ (మామూలుకన్నా బలమైన దెబ్బ) అవుతుంది. అదృష్టంతో పనిలేదు. ఇంకోటి, శత్రువుకు అటువైపు మీవాడు ఒకడుండగా ఇటువైపు నుంచి కొడితే అటున్నవాడు కూడా ఊరికే ఒక దెబ్బ వేస్తాడు. ముందు ఎరాడోర్, వెనక ఆనా. చీకట్లో తిరిగే మనిషిలా కనిపించే ఈ ఆనాను చాలామంది పట్టించుకోరు గానీ, ఆమె ఒక్క టర్న్‌లో రెండు పనులు చేయగలదు. వీపు దొరికితే రెండు పోట్లు, రెండింటికీ ఎరాడోర్ తోడు దెబ్బ. నేల కరిచే వంతు అప్పుడు వాళ్లది. పైగా ఇలాంటి తెలివైన ఎత్తులకు ఆట ‘కుడోస్’ అనే పాయింట్లు ఇస్తుంది, వాటితో శిబిరంలో పనికొచ్చే సరుకు కొనుక్కోవచ్చు. ఏ ఎత్తుకు కుడోస్ వస్తోందో గమనించడమే ఒక పాఠం.

ఇదే సూత్రం మీ వీపుకూ వర్తిస్తుంది. టర్న్ ముగించేటప్పుడు ఏ దిక్కుకు తిరిగి నిలబడాలో ఆట అడుగుతుంది. మీరు దాన్ని చూడకుండానే నొక్కేస్తున్నారని నా గట్టి అనుమానం. గోడకో, సరుకు పెట్టెలకో వీపు ఆనించి, ముఖం శత్రువు వైపు తిప్పండి. జీలా, నిప్పు మంత్రాలు వేసే ఫ్రెడెరికా లాంటి పల్చటి ప్రాణాలకు ఇది మరీ ముఖ్యం.

ఎత్తు సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. పైనుంచి కొడితే దెబ్బ పెరుగుతుంది, బాణం దూరం పోతుంది. డేగ మీద ఎగిరే హ్యూయెట్‌ను కప్పు మీదికి పంపి వదిలేయండి, మెట్లు లేని కప్పయితే ఇంకా మంచిది. ఫ్రెడెరికా నిప్పుకు గడ్డి అంటుకుని ఆ గడులు కాసేపు మండుతూనే ఉంటాయి. మంచు ఉన్నచోట నిప్పు వేస్తే నీరవుతుంది, ఆ నీటి మీద పిడుగు వేస్తే కరెంటు పాకుతుంది. ఇవన్నీ డెమోలో సరదాగా చేసి చూడాల్సినవి. ఒక్క జాగ్రత్త: విద్యలన్నీ టీపీ అనే పాయింట్ల ఖర్చుతో నడుస్తాయి, అది టర్న్‌కు ఒకటే పోగవుతుంది. వచ్చింది వచ్చినట్టు ఖర్చు చేసే చెయ్యి ఇక్కడ పనికిరాదు. పెద్ద విద్య కావాలంటే ఒక టర్న్ మామూలు దెబ్బతో సరిపెట్టుకోవాలి.

ఇక ఓటమి గురించి బెంగ పెట్టుకోకండి. ఈ ఆటలో ఓడినా ఆ యుద్ధంలో వచ్చిన అనుభవం పాయింట్లు మీ దగ్గరే ఉంటాయి. యుద్ధంలో పడిపోయినవాళ్లు కథలోంచి తొలగిపోరు. అందుకే డెమోలో పిచ్చి పిచ్చి ప్రయోగాలు చేయమంటాను. ఫ్రెడెరికాను ఒంటరిగా ముందుకు పంపితే ఏమవుతుంది? ఇరుకు సందులో ఇద్దర్ని పెట్టి అడ్డుకుంటే ఎంతసేపు నిలుస్తారు? డబ్బు పెట్టి కొన్నాక ఇలా ఆడుకోవడానికి మనసొప్పదు. శిబిరం తెరుచుకున్నాక ఉత్తుత్తి యుద్ధాలు ఉంటాయి. లెవెల్ తక్కువున్నవాళ్లు వాటిలో గబగబా ఎదుగుతారు. మరీ కష్టమైతే కష్టస్థాయిని ‘ఈజీ’కి మార్చుకోండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి మార్చుకోవచ్చు. ఎవరూ మార్కులు వేయరు.

మీ దగ్గరున్నది ఏ డెమో అన్నది కూడా చూసుకోండి. 2021 ఫిబ్రవరిలో వచ్చిన మొదటిది కథ నడిమధ్యలో, ఆరో అధ్యాయం దగ్గర దింపేస్తుంది. అక్కడి పేర్లూ పగలూ అర్థం కాక బుర్ర తిరుగుతుంది. పైగా దాని సేవ్ పూర్తి ఆటకు పనికిరాదు. పూర్తి ఆట 2022 మార్చిలో వచ్చింది. దానికి కొద్దిరోజుల ముందు విడుదలైన రెండో డెమోలో మొదటి మూడు అధ్యాయాలున్నాయి, సేవ్ నేరుగా పూర్తి ఆటలోకి వెళ్తుంది. కొత్తవాళ్లకు ఇదే సరైనది.

కొనాలా వద్దా అంటే, యుద్ధం చేయడం రాలేదన్న కారణంతో మాత్రం మానుకోకండి. అది ఎవరికైనా వస్తుంది. ఈ ఆటలో సగం మాటలే. ఉప్పు హైజాంటే రాజ్యం చేతిలో, ఇనుము ఈస్‌ఫ్రాస్ట్ రాజ్యం చేతిలో, నడుమ మీ రాజ్యం. మంత్రాంగం ఒక పట్టాన తెమలదు. మూడో అధ్యాయంలో ఈస్‌ఫ్రాస్ట్‌కు వెళ్లాలా హైజాంటేకు వెళ్లాలా అని మీవాళ్లంతా ఓటు వేస్తారు. నాయకుడైనా సరే, మీకు నచ్చినట్టు జరగాలంటే ఒక్కొక్కర్నీ మాటలతో ఒప్పించుకోవాల్సిందే. ఆ ఘట్టంలో మీరు ఆసక్తిగా మనుషుల చుట్టూ తిరిగారా, బటన్ నొక్కి డైలాగులు దాటేశారా? దాటేసి ఉంటే కొనకండి. ముందుకు వెళ్లేకొద్దీ మాటలు తగ్గవు.

ప్రశ్న: ‘ఎక్స్‌కామ్’ అనే తుపాకుల టాక్టికల్ ఆటలో, తగిలే అవకాశం 90 శాతం అని చూపించిన షాట్ తప్పుతోంది. ఒకసారి కాదు, మాటిమాటికీ. ఆట మోసం చేస్తోందని నా వాదన. కాదంటారా?

జవాబు: కాదంటాను. 90 శాతం షాట్లు మూడు వరసగా తగలడానికి ఉన్న అవకాశం 73 శాతం కూడా లేదు. పది షాట్లు కొడితే కనీసం ఒకటి తప్పే అవకాశం 65 శాతం. తగిలిన తొమ్మిదింటిని మనం మర్చిపోతాం, తప్పినదాన్ని ఉత్తరం రాసేంత గుర్తు పెట్టుకుంటాం!

మోసం అనేది ఉంటే అది చాలాచోట్ల మన వైపే ఉంటుంది. ‘ఎక్స్‌కామ్ 2’ తేలిక స్థాయిల్లో మీ గురి వరసగా తప్పుతుంటే, తెర మీద చెప్పకుండానే అవకాశాన్ని కాస్త పెంచుతారు. ‘ఫైర్ ఎంబ్లెమ్’ అనే ఇంకో టాక్టికల్ ఆటల సిరీస్‌లో 2002 నాటి ఆట నుంచి చాలాకాలం ఒక చిత్రమైన లెక్క నడిచింది. లాటరీలా ఒక అంకె తీయడానికి బదులు రెండు అంకెలు తీసి, వాటి సగటుతో దెబ్బ తగిలిందో లేదో తేల్చేవారు. అందువల్ల తెర మీది 80 నిజానికి 92, తెర మీది 20 నిజానికి ఎనిమిది చిల్లర. మనిషి మనసులో 80 అంటే ‘తగిలినట్టే’ కదా, లెక్కను ఆ మనసుకు తగ్గట్టు వంచారన్నమాట. ఆ ఆటలు ఆడి ఎక్స్‌కామ్‌కు వచ్చినవాళ్లకు ఇక్కడి నిజాయితీయే మోసంలా అనిపిస్తుంది.

ఇంతకీ చేయాల్సింది ఏమిటంటే, తప్పని పనులు ముందు చేయండి. గ్రెనేడ్‌కు గురితో పనిలేదు, పైగా శత్రువు దాక్కున్న గోడ కూడా ఎగిరిపోతుంది. 2012 నాటి ఎక్స్‌కామ్‌లో సగం ఎత్తు చాటు మీ గురిలో 20 తీసేస్తుంది, నిండు చాటు 40 తీసేస్తుంది. చాటు లేని పక్కనుంచి కొడితే ఆ కోత ఉండదు. అందుకని ముందు గోడ కూల్చడం, తర్వాత కాల్చడం. ఆ షాట్ కూడా జట్టులో మొదటివాడితోనే కొట్టించండి. చివరివాడి దాకా ఆగి కొట్టి తప్పితే సర్దుకోవడానికి చేతిలో ఎవరూ ఉండరు. అన్నట్టు, సేవ్ లోడ్ చేసి అదే షాట్ మళ్లీ కొట్టే ప్రయత్నం చేసి ఉంటారు. మామూలు సెట్టింగులో లాటరీలా తీసే ఆ అంకె కూడా సేవ్‌లోనే ఉంటుంది, అదే షాట్ మళ్లీ అలాగే తప్పుతుంది.

ప్రశ్న: ఇంటర్ చదువుతున్నాను. ‘ఫైర్ ఎంబ్లెమ్’ను, చచ్చినవాళ్లు మళ్లీ తిరిగిరాని క్లాసిక్ మోడ్‌లో ఆడకపోతే ఆడినట్టే కాదని సీనియర్లు అంటున్నారు. ఒక్కరు చచ్చిపోయినా బాధేసి మొదటినుంచి మొదలుపెడుతున్నాను. ఏ మ్యాపూ పూర్తి కావడం లేదు.

జవాబు: సీనియర్ల మాట అలా ఉంచు. పోయినవాళ్లు పోయినట్టే ఉంటే ఆటగాడికి జాగ్రత్త వస్తుందని ఆ నియమం. 1990 నాటి మొదటి ఆట నుంచీ ఉంది. ఎవరు పోయినా నువ్వు మళ్లీ మొదలుపెడుతున్నావంటే పడిపోయినవాళ్లు తర్వాత తిరిగొచ్చే క్యాజువల్ మోడ్‌నే చుట్టుదారిలో ఆడుతున్నావు, అంతే. తయారుచేసినవాళ్లే 2010లో క్యాజువల్ మోడ్ పెట్టారు, నిర్భయంగా వాడుకో. 2019 నాటి ‘త్రీ హౌసెస్’లో అయితే కాలాన్ని వెనక్కి తిప్పే శక్తి కూడా ఉంది, ఎక్కడ తప్పటడుగు పడిందో చూసి సరిదిద్దుకోవచ్చు.

ఇంకో మాట. ఈ ఆటల్లో మొదట్లోనే బాగా బలమున్న ముసలి గుర్రపు యోధుణ్ణి ఒకణ్ణి చేతికిస్తారు. మొదటి ఆటలో జేగన్ అలాంటివాడే. వాడితోనే అందర్నీ చంపించావనుకో, అనుభవమంతా వాడి ఖాతాలోకి పోయి, కుర్రాళ్లు కుర్రాళ్లుగానే ఉండిపోతారు. వాడిని అడ్డుగోడగా నిలబెట్టి, చివరి దెబ్బ చిన్నవాళ్లతో కొట్టించు.

ప్రశ్న: బాబూ, రిటైరయ్యాను. చదరంగం బాగా ఆడతాను. మనవడు ఇలాంటి ఆటలు ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తున్నాను. పాచికలూ, శాతాలూ నాకు గిట్టవు. నాకు సరిపోయేది ఏదైనా ఉందా?

జవాబు: ఉందండీ, ‘ఇన్‌టు ది బ్రీచ్’. 2018లో వచ్చింది. మీకు అలవాటైన ఎనిమిదికి ఎనిమిది గళ్ల బల్లే. మీ వైపు మూడు యంత్రాలు, అటువైపు భూమిలోంచి పుట్టుకొచ్చే పురుగులు. ప్రతి పురుగూ తను ఏ గడిని కొట్టబోతోందో ముందే చూపిస్తుంది, ఆ తర్వాతే మీ వంతు. మీ దెబ్బ తప్పడం అనేదే లేదు. భవనానికి తగిలే దెబ్బ అప్పుడప్పుడూ తప్పిపోవడం ఒక్కటే అదృష్టం కిందికి వస్తుంది, అదీ మీకు మేలు చేసేదే.

చదరంగం ఆడేవాళ్లకు మొదట్లో ఒక చిక్కు వస్తుంది. ఎదుటి పావును చంపాలని చూస్తారు. ఇక్కడ చంపడం కంటే నెట్టడం లాభం. ఒక పురుగును ఒక్క గడి పక్కకు తోశారంటే, భవనం మీద పడాల్సిన దాని దెబ్బ ఇంకో పురుగు మీద పడుతుంది. కొత్త పురుగు పైకి రాబోయే గడి మీద మీ యంత్రాన్ని నిలబెడితే అది బయటికి రాలేదు, మీకు ఒక్క పాయింటు దెబ్బ తగులుతుంది, అంతే. కాపాడాల్సింది భవనాలను. యంత్రం దెబ్బ తిన్నా ఫరవాలేదు, యుద్ధం ముగిశాక బాగవుతుంది. ఒక్కో యుద్ధంలో ఒక్కసారి టర్న్ మొత్తాన్ని వెనక్కి తిప్పుకునే వీలుంది, దాన్ని మొదటి టర్న్‌లోనే వాడేయకండి. మనవడు తొందరపెట్టినా సరే, ఇందులో గడియారం లేదు.