డాక్టర్ సలహా: "మా అందరికీ అయింది, ఏమైంది?" అంటున్న అత్తగారు

ప్రశ్న: మేం సికింద్రాబాద్‌లో ఉంటాం. పక్క ఫ్లాట్‌లో దావూదీ బోహ్రా (ముస్లింలలో ఒక వర్గం) కుటుంబం. ఆవిడ, నేను బాగా స్నేహితులం. వాళ్ల పాపకు ఏడేళ్లు వచ్చాయి. ఖత్నా, అంటే ఆడపిల్లకు జననాంగం దగ్గర కోత పెట్టే ఆచారం, చేయించాలని అత్తగారు పట్టుబడుతున్నారట. "మా అందరికీ అయింది, ఏమైంది? చెవులు కుట్టించడం లాంటిదే" అంటున్నారట. నా స్నేహితురాలి సొంత అమ్మదీ అదే మాట. నా స్నేహితురాలు ఎమ్మెస్సీ చదివింది. తనకు ఇష్టం లేదు, కానీ నోరు విప్పలేకపోతోంది. దీనివల్ల పాపకు ప్రమాదమా? ఆడవాళ్లే ఆడపిల్లకు ఇలా ఎందుకు చేయిస్తారు? నేనేం చేయగలను?
– ఒక పాఠకురాలు

జవాబు: ప్రమాదమేనమ్మా. ఆరోగ్యపరంగా లాభం మాత్రం ఒక్కటీ లేదు.

ఖత్నాలో సాధారణంగా క్లిటోరిస్‌ను (ఆడవాళ్ల జననాంగం పైభాగంలో ఉండే సున్నితమైన భాగం) కప్పి ఉండే పల్చటి చర్మాన్ని కోస్తారు. "చిటికెడు చర్మమే కదా" అంటారు. ఏడేళ్ల పిల్లలో ఆ చర్మం చాలావరకు కింది భాగానికి అతుక్కునే ఉంటుంది. పిల్ల నొప్పికి గింజుకుంటుంది. చర్మం దగ్గరే ఆపి, కింద ఉన్న నరాలకు తగలకుండా కోయడం సర్జన్‌కే కష్టం. బ్లేడు పట్టుకున్న పెద్దావిడ సంగతి చెప్పాలా? అప్పటికప్పుడు రక్తం పోవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు, మంటకు భయపడి పిల్ల మూత్రం బిగబట్టుకోవచ్చు. తర్వాత మచ్చ గట్టిపడి తాకితే నొప్పి, పెళ్లయ్యాక కలయికలో ఇబ్బంది. కాన్పులో ముప్పు మాత్రం ప్రధానంగా ఇంతకన్నా తీవ్రమైన రకాల్లో, సోమాలియా, సూడాన్‌లలో కోసి కుట్టేసే పద్ధతి లాంటివాటిలో ఎక్కువ. దాన్ని తెచ్చి ఇక్కడ చెప్పొద్దు. మీ మాటల్లో ఒక్క అతిశయోక్తి దొరికితే చాలు, అత్తగారు మిగతాదంతా కొట్టిపారేస్తారు.

చెవుల సంగతికొస్తే, తమ్మెకు పడిన రంధ్రం పోగు తీసేస్తే పూడుకుపోవచ్చు. ఇక్కడ కోసేసింది తిరిగి రాదు. పైగా చెవులు కుట్టించేటప్పుడు నలుగురినీ పిలుస్తాం, మేనమామ ఒళ్లో కూర్చోబెడతాం. ఖత్నా జరిగిన చాలామంది చెప్పేది వేరు: చాక్లెట్ కొనిపెడతామనో, షికారుకనో తీసుకెళ్లారు, ఎవరితోనూ అనొద్దన్నారు.

క్లినిక్‌లో చేయిస్తే ఫర్వాలేదా అని కూడా అడుగుతారు. ఇలాంటి కోత ఆచారం ఉన్న ఈజిప్టులో ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నది వైద్య సిబ్బందే. 2007లో అక్కడ ఒక ప్రైవేటు క్లినిక్‌లోనే 12 ఏళ్ల పిల్ల చనిపోయింది. ఆ మరుసటి ఏడాది దీన్ని నేరంగా ప్రకటిస్తూ చట్టం చేశారు. ఇది ఒక్క మతానికే అంటగట్టాల్సిందీ కాదు. ఆ దేశంలో క్రైస్తవ కుటుంబాల్లోనూ ఉంది. ఇస్లాంలో దీనికి ఆధారం లేదని కైరోలోని ప్రసిద్ధ ఇస్లామిక్ విద్యాకేంద్రం అల్ అజ్హర్ పెద్దలు 2007లోనే తేల్చారు.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న, ఆడవాళ్లే ఎందుకు చేయిస్తారని. సూడాన్‌లో 2014 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 87 శాతం మందికి కోత జరిగి ఉంది. ఇది కొనసాగాలన్నవాళ్లు 41 శాతమే. గినియా, సియెర్రా లియోన్, చాద్‌లలోనైతే ఆపేయాలనేవాళ్లు ఆడవాళ్లలో కన్నా మగవాళ్లలో ఎక్కువని 2013 యునిసెఫ్ నివేదిక చెప్పింది. ఇక మన దగ్గర ఖత్నాకు వ్యతిరేకంగా పనిచేసే సహియో అనే సంస్థ ఆన్‌లైన్ సర్వేలో 385 మంది బోహ్రా మహిళలు పాల్గొంటే, 80 శాతం మంది తమకు ఖత్నా అయిందన్నారు. ఇది కొనసాగకూడదన్నవాళ్లే ఎక్కువ. ఆన్‌లైన్‌లో నోరు విప్పేవాళ్లు కొంచెం ధైర్యవంతులే అనుకోండి. అయినా మనసులో ఒకటి, చేతలో ఒకటి అన్నది ఇక్కడా కనిపిస్తూనే ఉంది.

ఎందుకంటే ప్రతి తల్లీ మిగతావాళ్లంతా దీన్ని కోరుకుంటున్నారనే అనుకుంటుంది. నా బిడ్డను వేలెత్తి చూపుతారేమో, రేపు సంబంధాలు రావేమో అని భయం. అత్తగారి విషయంలో ఇంకొకటి ఉంది. ఇది తప్పని ఒప్పుకుంటే, తన తల్లి తనకు చేసింది కూడా తప్పేనని ఒప్పుకోవాలి. ఆ వయసులో అది మింగుడుపడదు. మన ఇళ్లలో ముట్టు రోజుల్లో ఆడపిల్లను విడిగా చాప వేసి కూర్చోబెట్టింది నాయనమ్మలూ అమ్మమ్మలే కదా. అందులో కోత లేదు, నెత్తురు లేదు, నిజమే. కానీ వాళ్లకు మన మీద ప్రేమ లేదని మనం అనలేదు.

అందుకని మీ స్నేహితురాలిని ఒంటరిగా అత్తగారి మీదికి పంపకండి. ముందు భర్తతో మాట్లాడమనండి. చాలా ఇళ్లలో ఇది ఆడవాళ్ల వ్యవహారమని మగవాళ్లకు చెప్పను కూడా చెప్పరు. తర్వాత వాళ్లలోనే, ఆ వయసు ఆడపిల్ల ఉన్న తోడికోడలో, వదినో ఒక్కరు కలిసొస్తారేమో చూడమనండి. సెనెగల్‌లో మాలికుండా బంబారా అనే ఊరి ఆడవాళ్లు 1997లో ఇక మేం చేయించమని అందరూ కలిసి బహిరంగంగా ప్రకటించారు. ఒక్కొక్కరుగా అయితే ఆ మాట అనగలిగేవారు కాదు. అత్తగారు వస్తానంటే ఏ గైనకాలజిస్ట్ దగ్గరికైనా వెంటబెట్టుకెళ్లండి. బొమ్మ గీసి చూపిస్తే కొందరు మెత్తబడతారు.

మన దేశంలో దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు. 2017లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది, 2018లో రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. అయితే అప్పట్లో ఉన్న శిక్షాస్మృతి, పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించింది) కిందే ఇది నేరమని కేంద్రం కోర్టుకు చెప్పింది. ముహూర్తం పెట్టేశారని తెలిస్తే మాత్రం స్నేహం చెడుతుందని ఆగకండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఒకవేళ ఇప్పటికే జరిగిపోయి ఉంటే, రక్తం ఆగకపోయినా, పాప గంటల తరబడి మూత్రం పోయకపోయినా, జ్వరం వచ్చినా వెంటనే నీలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టెటనస్ ఇంజెక్షన్ సంగతీ అడగండి. మీ స్నేహితురాలికి కూడా అక్కడ నొప్పి, మంట ఉంటే సిగ్గుపడకుండా గైనకాలజిస్ట్‌కు చూపించుకోమనండి, దానికి వైద్యం ఉంది.