ఇంకా రాని కాలానికి భూతకాలమా?

సందేహం: హెచ్.జి. వెల్స్ తొలి సైన్స్ ఫిక్షన్ నవల 'టైమ్ మెషీన్' చదివి, మా లైబ్రరీ పత్రికకు పరిచయం రాశాను. కథానాయకుడు క్రీ.శ. 802701లోకి వెళ్తాడు. అక్కడ ఎలోయ్‌లనే మనుషులుంటారు. 'అక్కడి ఎలోయ్‌లు పళ్ళే తినేవారు' అని రాస్తే, 'ఇంకా పుట్టనివాళ్ళు తినేవారేమిటి, తింటారు అనాలి' అని ఒక మిత్రుడు దిద్దాడు. ఏది ఒప్పు?

సమాధానం: మీరు రాసింది తప్పు కాదు. క్రియకు కాలం క్యాలెండర్‌ని బట్టి రాదు, చెప్పేవాడి అనుభవాన్ని బట్టి వస్తుంది. 1895లో పుస్తకంగా వచ్చిన ఆ నవలలో ప్రయాణికుడు రిచ్‌మండ్‌లోని తన ఇంటికి తిరిగొచ్చాకే కథ చెబుతాడు. వచ్చీరాగానే, భోజనాల బల్ల దగ్గరున్న అతిథులతో తనకు కాస్త మటన్ ఉంచమంటాడు. అన్నాళ్ళూ పళ్ళతో గడిపి మాంసానికి మొహం వాచిపోయాడు మరి! అతనికి అదంతా గడిచిన సంగతి. 'తినేవారు' అనక ఇంకేమంటాడు?

'తింటారు' కూడా చెల్లుతుంది. అయితే మీ మిత్రుడు చెప్పిన కారణానికి కాదు. పుస్తక పరిచయాల్లో కథని 'వెళ్తాడు, చూస్తాడు' అంటూ చెప్పడం మామూలే. మీ ప్రశ్నలోనూ అలాగే రాశారు. పైగా చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) భవిష్యత్తునూ, అన్ని కాలాలకూ వర్తించే పనిని చెప్పే తద్ధర్మాన్నీ వేరుచేసి చూపింది కానీ, నేటి వాడుకలో ఆ రెంటికీ ఒకటే రూపం. 'ఎలోయ్‌లు చీకటికి భయపడతారు' అంటే అది వాళ్ళ స్వభావమా, మున్ముందు జరిగేదా? ఈ నవల వరకూ రెండూ నిజమే కాబట్టి పేచీ లేదు. ఒకే పేరాలో రెండు పద్ధతుల్నీ కలగాపులగం చేయకండి, అంతే.

'తినబోయారు' మాత్రం వద్దు. భూతమూ భవిష్యత్తూ కలిసొస్తాయనుకుని కొందరు రాస్తుంటారు. పండు నోటిదాకా వచ్చి ఆగిపోయిందని దానికర్థం. 'పుట్టబోయే మనుషులు' అనడానికి అడ్డేమీ లేదు.

ఈ చిక్కు వెల్స్‌కూ తప్పలేదు. చివర్లో ప్రయాణికుడు మళ్ళీ బయల్దేరి, మూడేళ్ళయినా తిరిగి రాడు. ఇప్పుడతను ఏనాడో అంతరించిన ప్లీసియోసారస్‌లనే సముద్ర సరీసృపాలు సంచరించే ఏ పగడపు దిబ్బల మీదో తిరుగుతున్నాడేమో అంటూనే, 'ఇప్పుడు' అనే మాట ఇక్కడ వాడొచ్చా అని ఆ అతిథుల్లో ఒకడైన కథకుడు నసుగుతాడు. తెలుగులో 'ఎక్కడో తిరుగుతూ ఉంటాడు' అంటే సరిపోతుంది. 'ఈ వేళకి ఇంట్లోనే ఉంటాడు' అనేటప్పుడు మనం చేసే ఊహే అందులోనూ ఉంది, 'ఇప్పుడు' అక్కర్లేదు. 'తిరిగి ఉంటాడు' అని మాత్రం రాయకండి. అలా అంటే ఆ తిరుగుడు అయిపోయినట్టే.