ముందే ఆటో కొనకు

అబ్బాయ్,

నీ ఉత్తరం అందింది. వచ్చే నెల జైలు నుంచి విడుదలని రాశావు. నెల తిరక్కుండా ఆటో కొంటానన్నావు, ఏడాదిలో చెల్లెలి పెళ్ళి చేస్తానన్నావు, అమ్మ తాకట్టు పెట్టిన గాజులు విడిపిస్తానన్నావు. చదివి సంతోషించాను, అంతకంటే ఎక్కువ భయపడ్డాను. అందుకే ఇంత పెద్ద ఉత్తరం. నీకంటే ముందు దీన్ని ఆఫీసులో చదువుతారని తెలుసు. చదవనీ, దాచాల్సిందేమీ లేదు.

రాజమండ్రి బ్యారక్‌లోకి వచ్చిన కొత్తలో నువ్వు రోజూ ఒకటే అడిగేవాడివి, "బాబాయ్, అందరికీ రెమిషన్ ఇస్తున్నారు, శిక్ష రోజులు తగ్గిస్తున్నారు, నాకెందుకివ్వరు?" అని. గంజాయి కేసులో పడ్డ శిక్షకి రెమిషన్ లేదని మత్తుమందుల చట్టం 32-ఎ సెక్షన్‌లోనే రాసుందని చెబితే, దాన్ని నేనే రాసినట్టు నామీద అలిగావు. ఐదేళ్ళకి ఐదేళ్ళూ ఉన్నావు. ఇప్పుడవన్నీ ఒక్క ఏడాదిలో రాబట్టుకోవాలని చూస్తున్నావు. నా భయం అక్కడే.

నీ తొందర ముందుగా ఎవరు పసిగడతారో తెలుసా? నీ ఆటోలో ఆ సంచులు పెట్టించినవాళ్ళు. బయటికొచ్చిన వారం పది రోజుల్లో టీ కొట్టు దగ్గర ఎవడో భుజం మీద చెయ్యేస్తాడు. బెదిరించడు, జాలిపడతాడు. "పాపం, మావల్ల ఇన్నేళ్ళు పోయాయి. ఒక్క ట్రిప్పు వెయ్యి, కొత్త బండి నీదే" అంటాడు. రెండోసారి పట్టుబడితే శిక్ష ఒకటిన్నర రెట్ల దాకా పెరుగుతుంది. కానీ వాడికి చట్టం చెప్పకు, నీతి చెప్పకు. చెబితే వాదిస్తాడు. "స్టేషన్‌వాళ్ళు నామీద కన్నేసి ఉన్నారన్నా" అని ఊరుకో. అది అబద్ధం కూడా కాకపోవచ్చు. మళ్ళీ రాడు.

ఇక ఆటో. పాతది కేసులో పోయింది, దానిమీద ఫైనాన్స్ బాకీ అలాగే ఉండి ఉంటుంది. దాని సంగతి బయటికొచ్చాక చూద్దాం అనుకోకు. లోపలున్నంత కాలం ఖైదీకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది. ఈ వారమే అర్జీ పెట్టు. లైసెన్స్ గడువు తీరి ఏడాది దాటిందంటే మళ్ళీ టెస్టుకి వెళ్ళాలి. ఇవేవీ తేలకుండా కొత్త బండి తెస్తే నెలనెలా కిస్తీ కట్టాలి. కట్టలేని నెల ఒకటి వస్తుంది, సరిగ్గా ఆ నెలలోనే ఆ టీ కొట్టు మనిషి గుర్తొస్తాడు. కనీసం ఆరు నెలలు ఎవరి దగ్గరైనా కూలికి చెయ్యి.

కాగితాల పని మొదటి వారంలోనే మొదలుపెట్టు. నీ పాత ఫోన్ నంబరు ఈపాటికి ఇంకెవరి చేతిలోనో ఉంటుంది. కొత్త సిమ్ తీసుకుని ఆధార్‌కి కలిపించుకో, ఓటీపీ రాకపోతే బయట ఏ పనీ కాదు. రెండేళ్ళు లావాదేవీ లేని బ్యాంకు ఖాతాని పక్కన పెట్టేస్తారు, మళ్ళీ కేవైసీ ఇస్తే తెరుస్తారు, డబ్బెక్కడికీ పోదు. ఓటు కూడా అంతే, జైల్లో ఉన్నంత వరకే లేదు, బయటికొస్తే ఉంది. జాబితాలో పేరు లేకపోతే మళ్ళీ రాయించుకో. మా అమ్మ పోయాక ఆవిడ ట్రంకు పెట్టె నేనొచ్చేదాకా ఎవరూ తెరవలేదు. అడుగున, చీర మడతలో మూడు వెయ్యి రూపాయల నోట్లు ఉన్నాయి, నేనొచ్చాక ఖర్చుకని. అవి 2016లోనే రద్దయ్యాయి. ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

పని అడిగే చోట జైలు సంగతి మొదటి రోజే చెప్పెయ్యి, రెండు ముక్కల్లో. "కేసు పడింది, శిక్ష అయిపోయింది" చాలు. నేను మొదట చేరిన కార్ఖానాలో దాచాను. నాలుగు నెలలకి బయటపడింది. "జైలుకెళ్ళావని కాదయ్యా, రోజూ నా పక్కన కూర్చుని టీ తాగుతూ చెప్పలేదు చూడు" అన్నాడు మేస్త్రీ. ఏం చెప్పను? లెక్క చూసి డబ్బులిచ్చి పంపేశాడు.

నా తొందర సంగతి కూడా చెబుతాను, ఇది బ్యారక్‌లో ఎవరికీ తెలీదు. నాది గట్టు తగాదా అని నీకు తెలుసు. 2007లో, మూరెడు గట్టు కోసం, పక్క చేను అతన్ని పార కామతో కొట్టాను. ప్రాణం పోయింది. బయటికెళ్ళగానే అతని భార్య కాళ్ళ మీద పడాలని పద్నాలుగేళ్ళూ అనుకున్నాను. 2021లో విడుదలైన మూడో రోజే వెళ్ళాను. ఆవిడ వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి అరవలేదు, లేవలేదు. చేట మాత్రం ఆగింది. లోపల్నుంచి కొడుకొచ్చాడు, నేను జైలుకెళ్ళేనాటికి ఆరేళ్ళవాడు, అచ్చం తండ్రి పోలిక. దండం పెట్టి ఏదో అన్నాను, ఏమన్నానో నాకే గుర్తులేదు. ఆవిడ చేట అక్కడే వదిలేసి కొడుకుని లోపలికి లాక్కెళ్ళి గడియ పెట్టుకుంది. పట్టపగలు.

ఆ తర్వాత నెల రోజులు కొడుకుని ఒంటరిగా చేనుకి పంపలేదట. నా గుండె బరువు దించుకుందామని వెళ్ళి ఆవిడ నెత్తిన పెట్టొచ్చాను. క్షమించమనడం కూడా ఒకటి అడగడమే కదా, నాకేమీ బాకీ లేని మనిషిని. అందుకే ఊరొదిలి ఇక్కడ వడ్రంగం షాపు పెట్టుకున్నాను. ఊరికి వెళ్ళాల్సొస్తే చెరువు గట్టు మీదుగా చుట్టు తిరిగి వెళ్తాను.

నీ చెల్లెలి సంగతి కూడా అలాగే చూడు. నీ కేసు వల్లే ఆ పిల్లకి కుదిరిన సంబంధం తప్పిపోయింది. పెళ్ళి చేసి ఆ రుణం తీర్చేసుకుందామని నీ ఆరాటం. అసలు తనకిప్పుడు పెళ్ళి కావాలో వద్దో అడిగావా? నీతో మాట్లాడకపోతే బతిమాలకు. మంచినీళ్ళ డబ్బా తెచ్చి పెట్టు, గ్యాస్ అయిపోతే బుక్ చెయ్యి. ఎన్నాళ్ళు మాట్లాడదో అన్నాళ్ళూ.

రాత్రిళ్ళు లైటు ఆర్పితే నిద్ర పట్టదు నీకు. ఆర్పకు, కరెంటు బిల్లు గురించి అమ్మతో నేను మాట్లాడతాను.

మా షాపుకి మంగళవారం సెలవు. మిగతా రోజుల్లో ఎప్పుడొచ్చినా ఉంటాను. చిత్రిక పట్టడం రాదనుకోకు, రెండు టేకు తలుపులకి ఉప్పు కాగితం పట్టాల్సిన పనుంది. రోజు కూలీ ఆ రోజు సాయంత్రమే ఇస్తాను. పాత చొక్కా వేసుకురా, పొడి పోదు.

మీ బాబాయ్