ఫోల్డింగ్ సైకిల్‌కి ముందు లైటు కొనేటప్పుడు ల్యూమెన్ల కంటే ముందు చోటు చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: 20 అంగుళాల చక్రాల ఫోల్డింగ్ సైకిల్, మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా సుమారు 11 కి.మీ., తిరిగొచ్చేసరికి రాత్రి ఎనిమిది. హ్యాండిల్‌కి రబ్బరు పట్టీతో కట్టిన లైటు మడిచినప్పుడల్లా పక్కకి తిరిగిపోతోంది, గుంతలు చక్రం కిందికొచ్చాక గానీ కనబడట్లేదు. మూడు వేల లోపు వెయ్యి ల్యూమెన్ల (లైటు ఇచ్చే మొత్తం వెలుగు కొలత) లైటు కొంటే సరిపోతుందా?

సరిపోదండీ. వెయ్యి తక్కువై కాదు, మీ దారికి అన్ని అక్కర్లేదు. మీరు చెప్పిన రెండు ఇబ్బందుల్లో ఒకటి లైటు బిగించిన చోటుది, రెండోది వెలుగు పరుచుకునే తీరుది. రెండూ ల్యూమెన్లు పెంచితే తీరేవి కావు. మామూలు సైకిల్‌కైతే మొదట లైటు కొనేసి, ఎక్కడ బిగించాలో తర్వాత చూసుకోవచ్చు. మడిచే సైకిల్‌కి ముందు చోటు తేల్చుకోవాలి, ఆ చోట పట్టే లైటు తర్వాత వెతుక్కోవాలి.

చోటు తేల్చడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. లైటు సైజుకు దగ్గరగా ఉండే సబ్బు పెట్టె ఒకటి తీసుకుని, అనుకున్న చోట టేపుతో అంటించండి. ఇప్పుడు సైకిల్‌ని చాలా మెల్లగా మడవండి. పూర్తిగా మడిచాక బాగానే కనిపిస్తుంది, కానీ సగం మడత దగ్గరే పెట్టె ఊచలకో, బ్రేకుకో తగులుతుంది. ఆ మధ్య దశ ఎవరూ చూడరు. కొన్ని మోడళ్లలో హ్యాండిల్ పోస్టు (హ్యాండిల్‌ని మోసే నిలువు గొట్టం) రెండు చక్రాల మధ్యకు, అంటే లోపలికి మడుచుకుంటుంది. అక్కడ లైటు రిమ్ముకీ ఫ్రేముకీ మధ్య నలుగుతుంది. బయటికి మడుచుకునే రకంలో అన్నిటికంటే బయటికి పొడుచుకొచ్చేది లైటే, కాబట్టి లిఫ్టు గోడకి ముందు తగిలేదీ అదే. ఇంకోటి, మడిచినప్పుడు బ్రేకు, గేరు కేబుళ్లు వంకర తిరిగి లైటును పక్కకి నెడతాయి. మీ లైటు తిరిగిపోవడానికి చాలావరకు ఇదే కారణమై ఉంటుంది. ముందు కేబుళ్లు లైటుకి ఏ వైపు నుంచి వెళ్తున్నాయో చూడండి, లైటును రెండో వైపుకి మారిస్తే సగం బాధ తీరొచ్చు.

చోట్లు ప్రధానంగా మూడు. హ్యాండిల్ మొదటిది. గ్రిప్పుల దగ్గర గొట్టం మందం 22.2 మి.మీ., మధ్యలో ఎక్కువ ఫోల్డింగ్ సైకిళ్లకి 25.4 మి.మీ., కొన్నిటికి 31.8 మి.మీ. ఉంటుంది. కొనే క్లాంపు ఈ కొలతకి పడుతుందో లేదో ముందే చూసుకోండి. రబ్బరు పట్టీ వద్దు, మరతో బిగించే క్లాంపు తీసుకోండి, దాని కింద పాత ట్యూబు ముక్క ఒక చుట్టు వేయండి. చిన్న చక్రాలు, గట్టిగా గాలి కొట్టిన టైర్లు ఇచ్చే అదురుకు ఉత్త ప్లాస్టిక్ క్లాంపు వారంలో జారుతుంది, ట్యూబు ముక్క ఉంటే జారదు. ఎత్తు సర్దుకునే పోస్టు అయితే లోపలికి జారే గొట్టం మీద మాత్రం ఏదీ బిగించకండి. గీతలు పడతాయి, పైగా ఎత్తు తగ్గించలేరు.

రెండోది ఫోర్కు క్రౌన్, చక్రానికి సరిగ్గా పైన బ్రేకో మడ్‌గార్డో బిగించే బోల్టు దగ్గర. మడిచినా అక్కడేమీ కదలదు, అందుకే చాలామంది దీన్నే ఎంచుకుంటారు. మూడోది హెడ్ ట్యూబు (ఫ్రేము ముందు కొసన ఫోర్కు తిరిగే గొట్టం) ముందు, బ్యాగు తగిలించే లగేజీ బ్లాకు కోసం ఇచ్చే మర రంధ్రాల దగ్గర. ఇది పటిష్ఠంగా ఉంటుంది గానీ ఫ్రేముకి అతుక్కుని ఉండేది కాబట్టి హ్యాండిల్ తిప్పితే లైటు తిరగదు. సందు మలుపులో మీరు ఎడమకి పోతుంటే వెలుగు ఎదురు గోడ మీద పడుతుంది. గేటెడ్ కమ్యూనిటీ లోపలి మలుపులకే ఇబ్బందిగా ఉంటుంది, కాబట్టి వేరే దారి లేకపోతే తప్ప ఇక్కడ వద్దు. హ్యాండిల్ ముందు బ్యాగు తగిలించేవాళ్లకి క్రౌనే గతి, ఎందుకంటే పైనున్న లైటు వెలుగులో కింది సగాన్ని బ్యాగే మింగేస్తుంది.

క్రౌన్ అంత సుఖమైతే అందరికీ అదే చెప్పొచ్చు కదా అంటారేమో. ఎత్తుతో ఒక చిక్కుంది. 20 అంగుళాల సైకిల్‌కి క్రౌన్ నేల నుంచి సుమారు 50 సెం.మీ. ఎత్తులో, హ్యాండిల్ సుమారు మీటరు ఎత్తులో ఉంటాయి. పది మీటర్ల దూరంలో 3 సెం.మీ. ఎత్తు రాయి ఉందనుకోండి. మీటరు ఎత్తు నుంచి వెలుగు పడితే దాని నీడ సుమారు 31 సెం.మీ., అర మీటరు ఎత్తు నుంచి పడితే సుమారు 64 సెం.మీ. నీడ పొడుగైతే రాయి ముందే కంటబడుతుంది, అది లాభం. గుంతల విషయంలో అదే నష్టం. లోతు తక్కువ గుంత కూడా పూర్తిగా నల్లగా కనిపిస్తుంది, దేన్ని తప్పించాలో దేన్ని తొక్కేయొచ్చో తేడా తెలియదు. ప్యాచ్‌వర్క్ వేసిన రోడ్డు మీద ప్రతి మచ్చా గొయ్యిలాగే ఉంటుంది. హెల్మెట్ లైటు దీనికి పూర్తి వ్యతిరేకం. వెలుగు కంటి వరుస నుంచే వెళ్తుంది కాబట్టి నీడ రాయి వెనకే దాక్కుంటుంది, రోడ్డంతా చదునుగా కనిపిస్తుంది. అందుకే హెల్మెట్ లైటు తోడుగానే పనికొస్తుంది, ఒంటరిగా కాదు.

నా మాట అడిగితే, మడతకి అడ్డం రాకపోతే హ్యాండిలే మేలు. అడ్డమొస్తే, మీటకొట్టి ఊడదీసే బ్రాకెట్ ఉన్న లైటు తీసుకుని, మడిచే ముందు లైటు తీసి జేబులో వేసుకోవడమే. బ్రాకెట్ ఒక్కటే మిగిలితే అది సాధారణంగా దేనికీ తగలదు. ఎలాగూ పార్కింగ్‌లో లైటు వదిలేసి పోలేం కదా.

ఇక గుంతలు దగ్గరికొచ్చాకే కనబడటం. చిన్న చక్రానికి ఇది పెద్ద చక్రం కంటే ఎక్కువ ప్రమాదం, లెక్క చూస్తే తెలుస్తుంది. 20 సెం.మీ. వెడల్పు గుంత మీదుగా పోతే, పెద్ద సైకిల్ చక్రం (వ్యాసం సుమారు 69 సెం.మీ.) అందులోకి 15 మి.మీ. దిగుతుంది. మీ 20 అంగుళాల చక్రం 21 మి.మీ. దిగుతుంది, 16 అంగుళాలదైతే 26 మి.మీ. గుంత అదే, దెబ్బ వేరు. అంచుకు కొట్టుకునే కోణం కూడా నిలువుగా ఉంటుంది కాబట్టి హ్యాండిల్ చేతిలోంచి లాగేసినట్టు అవుతుంది. కాబట్టి మీకు కావలసింది దూరాన చంద్రుడిలా ఒక తెల్ల చుక్క కాదు, చక్రం ముందు 3 మీటర్ల నుంచి 20 మీటర్ల దాకా ఎక్కడా మచ్చలు లేకుండా పరుచుకునే వెలుగు.

20 మీటర్లు ఎందుకంటే, గంటకు 18 కి.మీ. వేగమంటే సెకనుకు 5 మీటర్లు. చూసి బ్రేకు పట్టడానికి సెకనున్నర, అంటే ఏడున్నర మీటర్లు. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో నాలుగు మీటర్లు. మొత్తం 12. దిగుడు రోడ్డు మీద 25 కి.మీ. వేగం వస్తే అది 18 దాటుతుంది, వాన పడి రిమ్ములు తడిస్తే ఇంకా పెరుగుతుంది.

టార్చిలైటు తరహా గుండ్రటి కిరణం ఇచ్చే లైట్లు ఇక్కడే తేలిపోతాయి. మధ్యలో కళ్లు జిగేల్‌మనే చుక్క, చక్రం ముందు నల్లటి చీకటి. దీపం కిందే చీకటి అన్నమాట. పైగా సగం వెలుగు చెట్లకీ, ఎదుటివాడి కళ్లకీ పోతుంది. పై అంచు గీత గీసినట్టు తెగిపోయే కిరణం, అంటే కటాఫ్ ఉన్నది చూడండి. కారు డిమ్ లైటు గోడ మీద పడితే ఎలా ఉంటుందో అలా. జర్మనీ నిబంధనల ప్రకారం చేసిన లైట్లన్నీ ఇలాగే ఉంటాయి, వాటి మీద అల గీతల పక్కన కే అక్షరం, ఒక నంబరు ఉంటాయి. వాటి వెలుగును ల్యూమెన్లలో కాకుండా పది మీటర్ల దూరంలో ఎన్ని లక్స్ (ఆ చోట పడే వెలుగు కొలత) అని చెబుతారు. అక్కడ కనీసం 10 ఉండాలి. వీధి దీపాలు ఒకటి వెలిగి మూడు వెలగని మన రోడ్లకి 40 నుంచి 60 ఉంటే హాయి. బుష్ అండ్ ముల్లర్ ఇక్సన్ కోర్ 50 లక్స్, క్యాట్‌ఐ జీవోల్ట్ 70 పేరులో ఉన్నట్టే 70 లక్స్. తెప్పించుకుంటే మీ బడ్జెట్ దాటొచ్చు. ఆ ముద్ర లేకపోయినా కటాఫ్ ఉన్న చవక లైట్లు దొరుకుతాయి. ఉత్పత్తి ఫోటోలో లైటును కాదు, గోడ మీద పడిన వెలుగును చూపించారో లేదో చూడండి. పైన గీత కనబడితేనే కొనండి.

కటాఫ్ లైటును హ్యాండిల్ కింద తలకిందులుగా వేలాడదీయకూడదు. అలా చేస్తే వెలుగంతా పైకి, గీత కిందికి పోతుంది, ఎదురొచ్చేవాళ్లు తిట్టుకుంటారు. కొన్ని లైట్లు వేలాడదీయడానికే తయారవుతాయి, వాటిమీద ఆ సంగతి రాసి ఉంటుంది.

ల్యూమెన్ల విషయంలో కొండంత రాగం తీసే ప్రకటనలని ఒక చిన్న గుణకారంతో పట్టుకోవచ్చు. బ్యాటరీ ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. మంచి లైటు కూడా వాట్‌కి సుమారు వంద ల్యూమెన్లే ఇస్తుంది. "2000 ల్యూమెన్లు, 1200 ఎంఏహెచ్, పది గంటలు" అని ఉందనుకోండి. బ్యాటరీలో ఉన్నది 4.4 వాట్ అవర్లు, కావలసింది 20 వాట్లు. పావుగంట కూడా రాదు. మీకు నిజమైన 300 ల్యూమెన్లు చాలు, అంటే 3 వాట్లు. 2000 ఎంఏహెచ్ బ్యాటరీతో రెండు గంటల పైచిలుకు వస్తుంది, మీ ముప్పావు గంట ప్రయాణానికి మూడు రాత్రులు. "స్థిరమైన వెలుగు" అని రాయని చవక లైట్లది ఆరంభ శూరత్వం. మొదటి ఇరవై నిమిషాలు మెరిసి, అక్కణ్నుంచి బ్యాటరీతో పాటు దిగిపోతుంది. కన్ను అలవాటు పడిపోతుంది కాబట్టి మీకు తెలియదు కూడా.

బ్లింకింగ్ మోడ్ పగటికి బాగుంటుంది. రాత్రికి వద్దు, ఎదుటివాడికి మీ దూరం అంచనా దొరకదు. 2017 ఏప్రిల్ నుంచి తయారైన టూవీలర్లన్నిటికీ హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి, ఆ గుంపులో మినుకుమినుకుమనే చిన్న దీపం ఎవరి కంటా పడదు. ఆగని, సమానమైన వెలుగే మిమ్మల్ని బండిలా చూపిస్తుంది.

వానకి చూడాల్సింది ఐపీఎక్స్, అంటే నీళ్లను ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగ్. ఐపీఎక్స్4 అంటే చినుకులు, చిమ్మే నీళ్లు తట్టుకుంటుంది, ఐపీఎక్స్6 అయితే గట్టి ధారను. జూలై వానలకి ఆరే అడగండి. అయితే రేటింగ్ ఎంతున్నా చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సరిగ్గా కూర్చోకపోతే లెక్కలోకి రాదు. తడిసిన రోజు ఇంటికెళ్లగానే చార్జింగ్ పెట్టకండి, మూత తీసి ఆరబెట్టి అప్పుడు. టైప్ సీ రంధ్రం ఉన్నా, రెండు కొసలా టైప్ సీ ఉన్న కేబుల్‌తో చార్జ్ కాని లైట్లున్నాయి. చార్జరుకు సంకేతమిచ్చే 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్లు రెండు లోపల వేయకుండా ఖర్చు మిగుల్చుకోవడమే కారణం. అవతల పరికరం ఉందని చార్జరుకు తెలియదు. లైటు పాడైందని వాపసు పంపకుండా పాత రకం వెడల్పు కొస ఉన్న కేబుల్‌తో ప్రయత్నించండి. మే నెలలో ఎండలో నిలబెట్టిన సైకిల్ మీదో, కారు డిక్కీలోనో వదిలేసిన లైటును చల్లబడేదాకా చార్జ్ చేయొద్దు. లిథియం బ్యాటరీకి చార్జింగ్ వేళ 45 డిగ్రీలు దాటకూడదు.

బిగించాక వంపు సరిచూడాలి, ఇది మడిచే సైకిల్‌కి వారానికొకసారైనా చేయాల్సిన పని. సెల్లార్ పార్కింగ్‌లో చదును నేల మీద, గోడకి 5 మీటర్ల దూరంలో సైకిల్ ఎక్కి కూర్చోండి, మీ బరువుకి టైరు నొక్కుకోవాలి. కటాఫ్ గీత గోడ మీద లైటు ఎత్తులో ముప్పావు వంతు దగ్గర పడితే, రోడ్డు మీద అది 20 మీటర్ల దగ్గర దిగుతుంది. గుండ్రటి కిరణమైతే మధ్య చుక్కని సగం ఎత్తుకి దించండి, పది మీటర్ల దగ్గర పడుతుంది. గోడ మీద ఆ ఎత్తున సుద్దముక్కతో గీత పెట్టుకుంటే తర్వాత్తర్వాత అర నిమిషం పని. 15 మీటర్లకి సర్దిన లైటు ఒక్క డిగ్రీ పైకి లేస్తే, హ్యాండిల్ మీదైతే 20 మీటర్లకి పోతుంది, అదే క్రౌన్ మీదైతే 31 మీటర్లకి. కింద బిగించినవాళ్లు బోల్టు కింద స్ప్రింగ్ వాషర్ వేసుకోవాల్సింది ఇందుకే.

చార్జింగ్ గోల వద్దనుకుంటే డైనమో హబ్బు (చక్రం తిరుగుతుంటే దాని మధ్య భాగంలోనే కరెంటు పుట్టించేది) ఉంది గానీ మూడు వేలలో రాదు. ఎప్పుడైనా ఆ వైపు వెళ్తే రెండు చూసుకోండి. చాలా ఫోల్డింగ్ సైకిళ్ల ముందు ఫోర్కు వెడల్పు 74 మి.మీ., మామూలు హబ్బులకి 100 కావాలి, కాబట్టి స్కేలు పెట్టి కొలిచాకే డబ్బు కట్టండి. రెండోది, చిన్న చక్రం అదే వేగానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది, కాబట్టి పెద్ద చక్రానికి చేసిన హబ్బు వేస్తే వెలుగు త్వరగా వస్తుంది గానీ తొక్కుడు బరువు కూడా పెరుగుతుంది.